నెట్ బాల్ వాడే పద్ధతి, వల విసిరేవాళ్ల ఇంటి నుంచి

సంక్రాంతి సెలవులకు వచ్చిన మా అక్క కొడుకు ఒక మధ్యాహ్నం ముఖం మాడ్చుకుని నా దగ్గరకు వచ్చాడు. చేతిలో స్విచ్ అనే ఆట యంత్రం, అందులో పోకెమాన్ ఆట. పోకెమాన్ అనే వింత జీవులను బంతులు విసిరి పట్టే ఆట అది, నెట్ బాల్ ఆ బంతుల్లో ఒకటి. "పిన్నీ, మూడు నెట్ బాల్స్ వేశాను, మూడూ పోయాయి. ఇది నీళ్లదే కదా?" అని తెర చూపించాడు. తెర మీద టాడ్‌బల్బ్ ఉంది. గుండ్రటి ఒళ్లు, వెనక చిన్న తోక. తొలకరికి మా పంటకాలువ అంచున గుంపులుగా ఆడే తోకకప్పలకు పెద్దన్నలా ఉంది.

"తోకకప్పలా ఉంటే సరిపోదురా. అది ఉత్త ఎలక్ట్రిక్ టైప్, అంటే కరెంటు జాతి. దాని మీద నెట్ బాల్ వేసినా ఒకటే, మామూలు పోకే బాల్ వేసినా ఒకటే. ఆట డబ్బు మూడు వేలు నీళ్లలో పోశావు" అన్నాను.

వరండాలో వల బాగుచేసుకుంటున్న నాన్న తల ఎత్తకుండానే "నీళ్లలో కదిలిందల్లా చేప కాదు" అన్నాడు. ఆయనకు ఆట సంగతి తెలియదు. వల పైకి లాగితే నీటిపాము వచ్చిన ప్రతిసారీ ఆయన అనే మాట అది. నెట్ బాల్ గురించి అంతకంటే పనికొచ్చే మాట నేనైతే ఎక్కడా వినలేదు. ఆ రోజు పిల్లవాడికి చెప్పినదాన్నే ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

ముందు నా సంగతి రెండు ముక్కలు. మాది సఖినేటిపల్లి వైపు ఊరు. రోజూ పొద్దున పంటు మీద వశిష్ఠ గోదావరి దాటి నరసాపురం వెళతాను. అక్కడ చేపల మేత అమ్మే కొట్లో లెక్కలు రాయడం నా ఉద్యోగం. నాన్న వల విసురుతాడు, అమ్మ లేసు అల్లుతుంది. 2005లో కువైట్ నుంచి సెలవు మీద వచ్చిన మా పిన్ని నాకొక గేమ్‌బాయ్ అడ్వాన్స్ ఎస్పీ, అందులో పెట్టిన పోకెమాన్ సఫైర్ తెచ్చి ఇచ్చింది. తను పనిచేసే ఇంటి పిల్లలు కొత్తది కొనుక్కుని పాతది వదిలేశారట. నేనప్పుడు ఇంటర్ మొదటి సంవత్సరం. దాంతో పాటు పెట్టె లేదు, వివరాల పుస్తకం లేదు, అడుగుదామంటే ఊళ్లో ఆడేవాళ్లు ఒక్కరూ లేరు. అందుకని నాకు తెలిసినదంతా బంతులు పోగొట్టుకుని నేర్చుకున్నదే. లెక్కలు మాత్రం తర్వాత సరిచూసుకున్నాను.

నెట్ బాల్ పుట్టింది కూడా ఆ సఫైర్, దాని జంట రూబీ ఆటల్లోనే, 2002లో జపాన్‌లో. వాటర్ టైప్ మీద, బగ్ టైప్ మీద, అంటే నీళ్ల జాతి, పురుగుల జాతి పోకెమాన్ల మీద అది మామూలు బంతికి మూడింతలు పనిచేస్తుంది. మిగతా అన్నిటి మీదా మామూలు బంతే. 2016లో వచ్చిన సన్, మూన్ ఆటల నుంచి మూడింతలను మూడున్నర చేశారు. చూడటానికి నీలం బంతి, దాని మీద నల్లటి వల గీతలు. మా అమ్మ ఒకసారి కళ్లజోడు పైకి తోసుకుని ఆ బొమ్మను దగ్గరగా చూసింది. "కన్నుకీ కన్నుకీ పొంతన లేదు, ఎవరు అల్లారో గానీ" అని తిరిగి ఇచ్చేసింది. లేసులో ఒక్క కన్ను తప్పితే వరస మొత్తం విప్పే మనిషి, అంతకంటే మెచ్చుకోదు.

నీళ్లవాటికి వల సరే, పురుగులకు వలెందుకని నాకు చాలాకాలం అనుమానంగా ఉండేది. జపాన్‌లో పిల్లలు వేసవి సెలవుల్లో కర్రకు కట్టిన చిన్న వలతో పురుగులు పడతారు. ఈ ఆటను తలపెట్టిన సతోషి తజిరి స్వయంగా చిన్నతనంలో పురుగులు పట్టి పోగుచేసిన మనిషి. అది తెలిశాక అనుమానం తీరింది. మనకు వల అంటే గోదావరే గుర్తొస్తుంది, వాళ్లకు చెట్టు మీది పురుగు కూడా గుర్తొస్తుంది.

ఇప్పుడు అసలు సంగతి. నీటితో ముడిపడిన బంతులు మూడున్నాయి. కొత్తగా ఆడేవాళ్లు మూడింటినీ కలిపేస్తారు. లూర్ బాల్ పాతది, 1999 నాటి గోల్డ్, సిల్వర్ ఆటలది. అజేలియా టౌన్‌లో కర్ట్ అనే ముసలాయనకు నీలం రంగు ఆప్రికార్న్ కాయ ఇస్తే చేసిపెడతాడు. అది గాలానికి పడినవాటి కోసం. అంటే పోకెమాన్ మీకు ఎలా చిక్కిందన్నది దానికి ముఖ్యం. డైవ్ బాల్‌కు ఎక్కడ చిక్కిందన్నది ముఖ్యం. సఫైర్‌లో అయితే డైవ్ చేసి నీటి అడుగుకు దిగినప్పుడే పనిచేస్తుంది. తర్వాతి ఆటల్లో గాలం వేసినప్పుడు, నీటి మీద ఈదేటప్పుడు కూడా పనిచేసేలా మార్చారు. నెట్ బాల్‌కు ఈ రెండూ పట్టవు. ఎదురుగా ఉన్నదాని టైప్ ఒక్కటే చూస్తుంది. ఎండిన కొండ మీద కనిపించినా వాటర్ టైప్ అయితే మూడింతలే. నడిసముద్రంలో దొరికినా వాటర్ టైప్ కాకపోతే ఒక్క వంతే.

ఈ తేడా దగ్గరే చాలామంది డబ్బు పోతుంది. డ్రాటినీ నీళ్లలోనే ఉంటుంది, గాలానికే పడుతుంది. కానీ అది డ్రాగన్ టైప్, నెట్ బాల్ దాని మీద దండగ. టైనమోను చూస్తే అచ్చం పాము చేప. అదీ మన టాడ్‌బల్బ్ లాగే ఉత్త ఎలక్ట్రిక్. పురుగుల్లోనూ ఇలాంటివి ఉన్నాయి. ఇసుకలో గొయ్యి తీసుకుని కూర్చునే ట్రాపించ్ పురుగులాగే కనిపిస్తుంది, టైప్ మాత్రం గ్రౌండ్. తేలులాంటి స్కోరుపీ పాయిజన్, బగ్ రెండూ కాబట్టి దాని మీద నెట్ బాల్ పనిచేస్తుంది. అదే పెరిగి డ్రాపియన్ అయితే బగ్ పోయి డార్క్ వస్తుంది. అప్పుడు పనిచేయదు. ఒకే తేలు, చిన్నప్పుడు వలలో పడుతుంది, పెద్దయ్యాక పడదు. ఇందులో తర్కం వెతక్కండి, గుర్తుపెట్టుకోండి చాలు.

రెండు టైప్‌లు ఉన్నవాటిలో ఒకటి వాటరో బగ్గో అయితే చాలు. గ్యారడోస్ వాటర్, ఫ్లయింగ్. సైథర్ బగ్, ఫ్లయింగ్. రెండిటి మీదా మూడింతలే. అలాగని బగ్, వాటర్ రెండూ అయిన సర్‌స్కిట్ మీద తొమ్మిదింతలు కాదు. అక్కడా మూడే. నేను మొదట్లో తొమ్మిదనుకుని సంబరపడ్డాను.

ఇక లెక్క. లెక్క అనగానే పేజీ దాటేయకండి, ఇది కిరాణా చీటీ కంటే తేలిక. ఇక్కడ చెప్పేది సఫైర్ కాలపు లెక్క. ప్రతి పోకెమాన్‌కూ పట్టుబడే అంకె ఒకటి ఉంటుంది, ఎక్కువలో ఎక్కువ 255. మ్యాజికార్ప్‌కు 255, టెంటకూల్‌కు 190, గ్యారడోస్‌కు 45. పోకెమాన్ నిండు ఆరోగ్యంతో ఉంటే ఈ అంకెలో మూడో వంతే లెక్కకు వస్తుంది. మన పోకెమాన్‌తో కొట్టించి కొట్టించి దాని ఆరోగ్యాన్ని ఒక్క పాయింటుకు దింపితే దాదాపు అంకె మొత్తం వస్తుంది. దాన్ని బంతి బలంతో గుణించాలి. పోకే బాల్ 1, గ్రేట్ బాల్ ఒకటిన్నర, అల్ట్రా బాల్ 2, సరైన చోట నెట్ బాల్ 3. పోకెమాన్ నిద్రలో ఉన్నా, గడ్డకట్టి ఉన్నా మళ్లీ 2తో గుణించాలి. పక్షవాతం, విషం, కాలిన గాయం అయితే ఒకటిన్నరతో. చివరికి వచ్చినది 255 దాటితే పట్టుబడినట్టే. దాటకపోతే 255తో భాగించండి, సుమారుగా మీ అవకాశం అదే.

గ్యారడోస్ మీద వేసి చూద్దాం. నిండు ఆరోగ్యంతో ఉన్నప్పుడు 45లో మూడో వంతు 15. నెట్ బాల్‌తో 45 అవుతుంది, అంటే నూటికి 18 సార్లు కూడా పడదు. ఒక్క పాయింటుకు దింపితే నెట్ బాల్‌తో 135, నూటికి 53. పక్షవాతం కూడా తెప్పిస్తే 202, నూటికి 79. నిద్రపుచ్చితే 270, అంటే తిరుగులేదు, మొదటి బంతికే పడుతుంది. అదే స్థితిలో అల్ట్రా బాల్ వేస్తే 180, నూటికి 70. సఫైర్‌లో అల్ట్రా బాల్ ధర 1200, నెట్ బాల్ 1000. అల్ట్రా బాల్‌తో సగటున 1700 ఖర్చయ్యే చోట నెట్ బాల్‌తో సరిగ్గా వెయ్యిలో పని అయిపోతుంది. ధర తక్కువ, బలం ఎక్కువ. ఇలాంటి సరుకు మా కొట్లోకి ఒక్కటీ రాదు.

సఫైర్‌లో నెట్ బాల్ అమ్మేది మాస్‌డీప్ సిటీ దుకాణంలో. ఆట చాలా దూరం సాగాక గానీ అక్కడికి చేరలేం. అందుకే దారిలో దాటివచ్చిన పురుగుల్లో చాలావాటికి ఈ బంతి అవసరమే పడదు, సఫైర్‌లో ఇది ప్రధానంగా నీళ్లవాటి బంతి. అదే ఊళ్లో ఒకరి ఇంట్లోకి వెళ్లి మాట్లాడితే సూపర్ రాడ్ అనే మంచి గాలం ఊరికే ఇస్తారు. వలా గాలమూ ఒకే ఊళ్లో దొరికాయి కాబట్టి రెండూ తీసుకుని బయలుదేరండి. పది నెట్ బాల్స్‌తో మొదలుపెట్టండి. నేను మొదటిసారి డబ్బంతా పెట్టి ముప్పై కొన్నాను. మందులకు చిల్లిగవ్వ మిగల్లేదు. తర్వాతి గుహలో పడ్డ అవస్థ చెప్పుకుంటే సిగ్గుచేటు.

గ్యారడోస్ కావాలంటే సూటోపొలిస్ సిటీ నీళ్లలో సూపర్ రాడ్ వేయండి. ఎక్కువసార్లు మ్యాజికార్ప్‌లే పడతాయి, విసుక్కోకుండా వదిలేస్తూ ఉండండి. గ్యారడోస్ పడిన క్షణంలో చేసే తప్పు ఒకటుంది, నేనూ చేశాను. వాటర్ టైప్ కదా అని నా ఎలక్ట్రిక్ పోకెమాన్‌తో గట్టి కరెంటు దెబ్బ కొట్టించాను. అది వాటర్, ఫ్లయింగ్ రెండూ కాబట్టి దెబ్బ నాలుగింతలు తగిలింది. నలభై నిమిషాలు గాలం వేసి పట్టిన గ్యారడోస్ ఒక్క దెబ్బకు సొమ్మసిల్లింది. సొమ్మసిల్లినదాన్ని పట్టలేం.

కరెంటు కావాలి గానీ దెబ్బగా వద్దు. ఎలక్ట్రైక్ అనే ఎలక్ట్రిక్ పోకెమాన్ చిన్నతనంలోనే నేర్చుకునే థండర్ వేవ్ వాడండి. అది నొప్పి కలిగించదు, పక్షవాతం మాత్రం తెప్పిస్తుంది. తర్వాత బలహీనమైన మామూలు దెబ్బలతో కొద్దికొద్దిగా తగ్గించండి. గ్యారడోస్ రాగానే ఎదుటివాళ్ల దాడి బలాన్ని తగ్గించేస్తుంది. మామూలు పోరులో అది చిరాకు, పట్టేటప్పుడు మాత్రం మనకు మేలే, చేయి జారి చంపే ప్రమాదం తగ్గుతుంది. అది డ్రాగన్ రేజ్ వేస్తే మీ పోకెమాన్‌కు ఎప్పుడూ సరిగ్గా 40 పాయింట్లు పోతాయి. అంతకంటే ఎక్కువ ఉన్నదాన్నే ముందు నిలబెట్టండి. ఫాల్స్ స్వైప్ తెలిసిన పోకెమాన్ ఉంటే ఇంకేం కావాలి? ఎంత కొట్టినా ఎదుటిదానికి ఒక్క పాయింటు మిగిల్చే దెబ్బ అది. నిద్రపుచ్చే ఎత్తు ఉంటే పక్షవాతం జోలికి పోవద్దు, ఒకసారికి ఒక్క స్థితే అంటుకుంటుంది. విషం, మంట మాత్రం వద్దు. బంతి ఊగి ఊగి విడిపోయిన ప్రతిసారీ అది కొంచెం కొంచెం చస్తూనే ఉంటుంది.

వేసవిలో కాలువ కట్టేశాక మా ఊళ్లో చూడాలి. ధవళేశ్వరం దగ్గర నీళ్లు ఆపేస్తారు, కాలువ అడుగున అక్కడక్కడా మడుగులు మిగులుతాయి, చేపలన్నీ వాటిలోకి చేరతాయి. కుర్రాళ్లు మడుగు కనబడగానే వల విసిరేస్తారు. నాన్న మాత్రం గట్టు మీద కూర్చుని బీడీ ఒకటి పూర్తి చేస్తాడు. ఆ తర్వాత మోకాలి లోతుకు దిగుతాడు. వల అంచును పళ్లతో పట్టుకుని, కొంత మోచేతి మీద వేసుకుని, నడుము తిప్పి వదిలితే వల గాలిలో గొడుగులా విచ్చుకుంటుంది. సీసం గుళ్లన్నీ ఒకేసారి నీటిని తాకి ఒకే చప్పుడు వస్తుంది. చప్పుడు రెండుగా వస్తే వల సరిగ్గా విచ్చుకోలేదని అర్థం. అప్పుడాయన చూడకుండానే పెదవి విరుస్తాడు. పడ్డాక కూడా వెంటనే లాగడు. గుళ్లు అడుగు తాకేదాకా తాడును వేళ్ల మధ్య వదులుగా పట్టుకుని ఉంటాడు. ఆయన ఆ తాడు పట్టుకునే తీరు చూశాకే నేను నిండు ఆరోగ్యంతో ఉన్న గ్యారడోస్ మీద బంతులు విసరడం మానేశాను.

ఇంకో మాట. నాన్న దగ్గర ఒకే వల ఉండదు. పరిగెలకు చిన్న కన్ను వల, బొచ్చెలాంటి పెద్ద చేపలకు పెద్ద కన్ను వల. చిన్న కన్ను వలతో అన్నీ పట్టొచ్చు కదా అని అడిగితే, అది నీళ్లలో బరువెక్కి చేతులు పడిపోతాయి, పైగా చెత్తంతా వస్తుంది అంటాడు. నెట్ బాల్‌నూ అన్నిటికీ వాడొద్దు. టెంటకూల్ సముద్రం నిండా ఉంటుంది. దాన్ని సగం ఆరోగ్యానికి దింపి 200 పెట్టి కొన్న పోకే బాల్ వేస్తే రెంటికొకటి పడుతుంది. సగటున 400తో పోయేదానికి వెయ్యి ఎందుకు? ఎక్కడికో తొందరగా వెళ్లాలి, దీనితో కుస్తీ పట్టే ఓపిక లేదంటే మాత్రం నిండు ఆరోగ్యం మీదే నెట్ బాల్ వేసేయండి, నాలుగింట మూడుసార్లు పడుతుంది.

ఫీబస్ అనే అరుదైన చేప సంగతి అడుగుతారని తెలుసు. రూట్ 119 నదిలో వందల గళ్లుంటే వాటిలో ఆరే ఆరు గళ్లలో అది ఉంటుంది. ఆ ఆరూ ఏవన్నది డ్యూఫర్డ్ టౌన్‌లో జనం నోట నానే మాటను బట్టి మారుతుంది. నేను నోటుపుస్తకంలో నది పటం గీసుకుని, చూసిన గడినల్లా పెన్సిల్‌తో కొట్టేస్తూ పదకొండు రోజులు తిరిగాను. కానీ ఆ కష్టమంతా వెతకడంలోనే. దాని పట్టుబడే అంకె 255, మ్యాజికార్ప్‌తో సమానం. దొరికాక ఏ బంతికైనా పడుతుంది. దానికోసం నెట్ బాల్ దాచుకోనక్కర్లేదు.

హెరాక్రాస్, పిన్సిర్ రెండూ బగ్ టైప్‌లే, రెండిటి అంకే 45. నెట్ బాల్‌కు ఇంతకంటే తగినవి ఉండవు. కానీ సఫైర్‌లో అవి సఫారీ జోన్‌లో ఉంటాయి, అక్కడ వాళ్లిచ్చే సఫారీ బాల్స్ తప్ప మన బంతులు వేయనివ్వరు. సంచి నిండా నెట్ బాల్స్ పెట్టుకుని లోపలికి వెళ్లి అవి కళ్లముందే పారిపోతుంటే చూస్తూ నిలబడ్డాను. సినిమా హాలు గుమ్మంలో ఇంటి నుంచి తెచ్చుకున్న జంతికలు లాక్కున్నప్పుడు కలిగే బాధే అది.

రెలికాంత్ విషయంలో నెట్ బాల్‌కంటే డైవ్ బాల్ మేలు. అది నీటి అడుగున, అదీ అరుదుగా కనిపిస్తుంది. అంకె 25. అడుగున డైవ్ బాల్ బలం మూడున్నర, నెట్ బాల్‌ది మూడు. ధర రెండిటికీ వెయ్యే, అమ్మేదీ ఒకే దుకాణంలో. ఒక్క పాయింటుకు దింపి నిద్రపుచ్చితే డైవ్ బాల్‌తో నూటికి 69, నెట్ బాల్‌తో 59. పది శాతం చిన్నదేమీ కాదు, మరోసారి అది కనబడటానికి ఎంతసేపు ఈదాలో తలుచుకుంటే.

సర్‌స్కిట్‌ది ఇంకో రకం చిక్కు. కాలువ నీటి మీద సన్నటి కాళ్లు చాచి జారుతూ పోయే పురుగును చూసే ఉంటారు కదా, అదే ఇది. ఆట మొదట్లోనే రూట్ 102 గడ్డిలో ఉంటుంది, కానీ చాలా చాలా అరుదు. మీరు మాస్‌డీప్ దాకా వెళ్లి నెట్ బాల్స్ కొని తిరిగి వచ్చేసరికి మీ పోకెమాన్లన్నీ గట్టిపడి ఉంటాయి, ఆ సర్‌స్కిట్ మాత్రం పసిగుడ్డు. గోరు తగిలినా పోతుంది. అందుకని దాన్ని అసలు కొట్టొద్దు. అంకె 200 కాబట్టి నిండు ఆరోగ్యం మీదే నెట్ బాల్‌తో నూటికి 78 వస్తుంది. కనబడగానే వేసేయండి. నాన్న బీడీ సూత్రం పనిచేయని చోటు ఇదొక్కటే.

చివరగా కయోగ్రె. సఫైర్ అట్ట మీద బొమ్మ దానిదే. దాని పట్టుబడే అంకె పదికి కూడా చేరదు, పక్కా లెక్కలు వేసి లాభం లేదు. ఎప్పుడూ గురి తప్పని మాస్టర్ బాల్‌ను చాలామంది దీని కోసమే దాచుకుంటారు. నేను దాచుకోలేదు, మొండితనం. అది వాటర్ టైప్, నెట్ బాల్ దాని మీద అల్ట్రా బాల్ కంటే ఒకటిన్నర రెట్లు మెరుగు, కాబట్టి ఇరవై ఐదు నెట్ బాల్స్ కొన్నాను. అది రాగానే ఆటలో వాన మొదలవుతుంది. ఆ రోజు బయటా వానే. పంటు మీద, టార్పాలిన్ కింద, నా పక్కన అరటి గెలలు, ఎవరిదో మోటారు సైకిలు. కయోగ్రె ఆరోగ్యం ఎర్రగీతకు దిగింది, నిద్రపోతోంది, పధ్నాలుగు బంతులు అయిపోయాయి. పదిహేనోది మూడుసార్లు ఊగింది. సరిగ్గా అప్పుడు ఎస్పీ మీద పచ్చదీపం ఎప్పుడో ఎర్రగా మారిందని గమనించాను. రాత్రంతా కరెంటు లేక ఛార్జింగ్ పెట్టలేదు. తెర నల్లబడింది. బంతి విడిపోయిందో లోపల పడిందో ఈ రోజుకీ తెలియదు.

అందుకని రెండు జాగ్రత్తలు. కయోగ్రె ఎదుట నిలబడి, దాన్ని పలకరించే ముందు ఆటను భద్రపరచండి. నేను ఆ పని చేశాను కాబట్టే మర్నాడు మళ్లీ మొదలుపెట్టగలిగాను. దాన్ని సొమ్మసిల్లేలా కొడితే ఆ ఆటలో ఇక దొరకదు. రెండోది, దీపం రంగు చూసుకోండి. మర్నాడు ఇంట్లో, ప్లగ్గు పక్కనే కూర్చుని, పందొమ్మిదో బంతికి పట్టాను. కేక పెట్టాను. లేసు చేతిలో ఉన్న అమ్మకు వరస తప్పింది. ఆ సంగతి ఇప్పటికీ ఎత్తుతుంది.

కొత్త ఆటలు ఆడేవాళ్లకు మార్పులు చెబుతాను. నెట్ బాల్ బలం ఇప్పుడు మూడున్నర, ధర అదే వెయ్యి, అల్ట్రా బాల్ మాత్రం 800కు దిగింది. నిద్రకు రెట్టింపు బదులు రెండున్నర రెట్లు వేస్తున్నారు. స్కార్లెట్, వయొలెట్ ఆటల్లో బ్యాడ్జీలు పెరిగేకొద్దీ దుకాణంలో కొత్త బంతులు వస్తాయి. పోకెమాన్ స్థాయి కూడా లెక్కలో కలుస్తుంది కాబట్టి నేను పైన వేసిన శాతాలు అక్కడ సరిపోవు. బంతికీ బంతికీ మధ్య పోలిక మాత్రం అలాగే ఉంటుంది. పోరు మొదలైన మొదటి వంతులో క్విక్ బాల్ బలం ఐదు, కాబట్టి ముందు అది ఒకటి వేసి చూడండి. అది విడిపోతే తగ్గించి, నిద్రపుచ్చి, నెట్ బాల్ మొదలుపెట్టండి. తొమ్మిది వంతులు దాటినా పడకపోతే అప్పటికి టైమర్ బాల్ నెట్ బాల్‌ను మించిపోతుంది, పది వంతులకు నాలుగు దాకా వెళుతుంది. చీకటి గుహల్లో వాడే డస్క్ బాల్ ఒకప్పుడు మూడున్నర ఉండేది, నెట్ బాల్ మూడు. ఇప్పుడు అవి చోట్లు మార్చుకున్నాయి. పాత అలవాటుతో గుహలోని నీళ్లవాటి మీద డస్క్ బాల్ వేసేవాళ్లు ఇది గమనించాలి.

టాడ్‌బల్బ్ దగ్గర దెబ్బతిన్న మా వాడికి ఆ సాయంత్రం నేనే ఒకటి చూపించాను. కాసెరోయా సరస్సులో డొండోజో ఉంటుంది, పెద్ద వాలుగలాంటిది. వాటర్ టైప్, అంకె 25. ఎక్కి తిరగడానికి ఉండే పోకెమాన్ మిరైడాన్ మీద ఈదుకుంటూ వెళ్లి దాన్ని కదిలించాడు. క్విక్ బాల్ విడిపోయింది. గల్లేడ్‌తో ఫాల్స్ స్వైప్ కొట్టించాడు, హిప్నాసిస్‌తో నిద్రపుచ్చాడు. బంతి విసిరే ముందు నా వైపు చూశాడు. "టైప్ ఏమిటి?" అన్నాను. "వాటర్ పిన్నీ, ఉత్త వాటర్" అన్నాడు. రెండో నెట్ బాల్‌కు పడింది.

పరుగెత్తుకెళ్లి తాతయ్యకు చూపించాడు. నాన్న వలను ఒళ్లోంచి పక్కకు పెట్టి తెరలోకి తొంగి చూశాడు.

"వాలుగే. ఎంత తూగుతుంది?"

"220 కిలోలు తాతయ్యా. పొడవు 12 మీటర్లు."

నాన్న కాసేపు ఆలోచించాడు. "నరసాపురం దాకా పంటు ఎక్కించాలంటే మనిద్దరం సరిపోం" అని మళ్లీ వల అందుకున్నాడు.